కుచ్చు నిండా నీళ్ళు

మే నెలలో రెంటచింతలలో గడ్డం గీయించుకున్నవాడికి షేవింగ్ బ్రష్షు విలువ తెలుస్తుంది. రాష్ట్రంలో ఎండలు ముదిరిన రోజున వార్తల్లో ముందుగా వినపడే ఊరది. తల మీద ఫ్యాను వడగాలినే తిప్పి తిప్పి కొడుతుంటుంది. కుడి చెంపకు నురగ పట్టించి ఎడమ చెంపకు వచ్చేలోపు కుడివైపు నురగ పలచబడి, ఎండి, చర్మాన్ని లాగటం మొదలుపెడుతుంది. ఎండిన నురగ మీద కత్తి జారదు, గీరుతుంది. అలాంటప్పుడు పని తెలిసిన క్షురకుడు మళ్ళీ క్రీము ట్యూబు జోలికి పోడు. గిన్నెలో బ్రష్షు కొసలు మాత్రమే ముంచి, ఒక్కసారి విదిలించి, ఎండిన చోట రెండు చుట్లు తిప్పుతాడు. కుచ్చు లోపల మిగిలిన నురగ ఆ కాసిని నీళ్ళతో కలిసి బయటికొస్తుంది. చెంప మళ్ళీ తడిగా మెరుస్తుంది.

కుచ్చు ఆ తడిని ఎక్కడ దాచింది, ఎంతసేపు దాచగలదు, అడిగినప్పుడు ఎంత చొప్పున వదులుతుంది? మంచి బ్రష్షుకూ మామూలు బ్రష్షుకూ తేడా అంతా ఇక్కడే ఉంది. కొట్లో మనం అడిగేది మాత్రం మెత్తగా ఉందా అని. మెత్తదనం ఒక గుణమే, కానీ మొదటి గుణం కాదు. పత్తి, మిరప పండే ఈ మెట్ట నేలలో, ఈ ఎండలో, ఈ నీళ్ళతో గడ్డం గీసుకునేవాడు మొదట చూడాల్సింది కుచ్చుకూ నీటికీ ఉన్న పొత్తు.

గడ్డం వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు గట్టిది. రెండు మూడు నిమిషాలు నీళ్ళు పీలిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, బ్లేడుకు సులువుగా తెగుతుంది. ఉత్త నీళ్ళు ముఖం మీద అంతసేపు నిలవవు, కారిపోతాయి. ఆ నీటిని చెంప మీద నిలబెట్టే ఉపాయమే నురగ. సబ్బు పొరల మధ్య గాలి బుడగలు, ఆ పొరల్లో నీళ్ళు. బుడగలు పెద్దవైతే త్వరగా పగిలి నీళ్ళు జారిపోతాయి. చిన్నవై, దగ్గరదగ్గరగా ఉంటే నీళ్ళు పట్టుకుని నిలుస్తాయి. బ్రష్షు తిరిగే ప్రతి చుట్టులోనూ వేలాది కొసలు పెద్ద బుడగలను చీల్చి చిన్నవి చేస్తుంటాయి. అందుకే మొదటి పది చుట్లలో వచ్చిన నురగ గుల్లగా ఉంటుంది, యాభై చుట్ల తర్వాతది చిక్కగా ఉంటుంది. ఈ పనితోపాటే కొసలు చర్మానికి అంటుకుని పడుకున్న వెంట్రుకలను లేపి నిలబెడతాయి. వెనకటి పల్లెల్లో సబ్బూ బ్రష్షూ లేకుండా, చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, తడి వేళ్ళతో చెంపలు చాలాసేపు రుద్ది ఇదే పని సాధించేవాళ్ళు. వేళ్ళు నానబెట్టగలవు, లేపగలవు. నీటిని నిలవ ఉంచటం మాత్రం వాటి వల్ల కాదు.

చేతిలోకి తీసుకుని చూస్తే బ్రష్షులో కనిపించేవి రెండే భాగాలు: పిడి, కుచ్చు. కనిపించని మూడోది ఈ రెండూ కలిసేచోట, పిడి నోట్లో ఉంటుంది. వెంట్రుకల మొదళ్ళన్నీ కలిసి జిగురులో గడ్డకట్టిన దిమ్మ అది. బ్రష్షు ఆయుష్షు దాని మీదే ఆధారపడుతుంది. ఇక కొలతలు. పిడి నోటి దగ్గర కుచ్చు వ్యాసం మామూలుగా 20 నుంచి 26 మిల్లీమీటర్లు. పిడి అంచు నుంచి కొసదాకా బయటికి కనిపించే వెంట్రుక ఎత్తు 45 నుంచి 65 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెల పొంతనలోనే బ్రష్షు స్వభావమంతా ఉంది. వ్యాసం అంతే ఉంచి ఎత్తు తగ్గిస్తే కుచ్చు బిరుసెక్కుతుంది, చెంప మీద అదిమితే ఎదురు తిరుగుతుంది. ఎత్తు పెంచితే ఒంగుతుంది, నీళ్ళు ఎక్కువ పడుతుంది, కానీ అదుపు తగ్గుతుంది.

కుచ్చు కట్టటం చూడముచ్చటైన పని. వెంట్రుకలను ముందు కడిగి, క్రిములు చావటానికి శుద్ధి చేసి, పొడవుల వారీగా వేరు చేస్తారు. మొదళ్ళన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు వచ్చేలా సర్దుతారు. తలకిందులైన వెంట్రుక ఒక్కటున్నా అది చెంపకు ముల్లులా తగులుతుంది కాబట్టి ఏరి పారేస్తారు. తర్వాత తూకం. ఒక్కో కుచ్చుకు ఎన్ని గ్రాములో లెక్క కట్టి, ఆ పిడికెడును కొసలు కిందికి ఉండేలా చిన్న గిన్నెలాంటి అచ్చులో నిలబెట్టి తడతారు. తట్టినకొద్దీ కొసలు జారి అచ్చు అడుగు వంపులో కుదురుకుంటాయి. అచ్చు అడుగు గుండ్రంగా లోతుగా ఉంటే కుచ్చు మొగ్గ ఆకారంలో వస్తుంది. లోతు తక్కువైతే విసనకర్రలా విచ్చుకుంటుంది. అప్పుడు మొదళ్ళ దగ్గర దారంతో బిగించి కట్టి, పైకి తేలిన మొదళ్ళను సమంగా కోసి, జిగురు పోసి, ఆరాక పిడి నోట్లో దించుతారు.

ఇందులో గమనించాల్సిన ఒడుపు ఒకటుంది. నున్నగా గుండ్రంగా కనిపించే ఆ తలను కత్తెరతో కత్తిరించి తీర్చలేదు. కత్తిరిస్తే ప్రకృతి ఇచ్చిన సన్నని కొస పోయి మొండి అంచు మిగులుతుంది, చర్మానికి గుచ్చుకుంటుంది. ఆకారమంతా అచ్చులో తట్టటంతోనే రావాలి, కోత పెట్టేది మొదళ్ళ వైపే. చవక బ్రష్షుల్లో కొన్నిటికి పైన కత్తెర పడుతుంది. భూతద్దం అక్కర్లేదు, అరచేతిలో కొసలను నిలువుగా పెట్టి మెల్లగా అదిమితే చెయ్యే చెబుతుంది.

నీళ్ళు నిలిచేది ఎక్కడంటే, కుచ్చు నడుము కింద, మొదళ్ళకు దగ్గరగా. అక్కడ వెంట్రుకలు ఇరుకుగా ఉంటాయి. వాటి మధ్య సందులు సన్నం కాబట్టి నీరు కిందికి కారకుండా తనంతట తనే అంటిపెట్టుకుని ఉంటుంది. కొసల దగ్గర సందులు వెడల్పు, అందుకే అదిమినప్పుడు అక్కణ్ణించే వదులుతుంది. అంటే కింద నిలవ, పైన విడుదల. వెంట్రుకలు మరీ పలచగా కడితే నిలవ ఉండదు. మరీ కిక్కిరిసి కడితే ఉన్న నిలవ బయటికి రాదు. బోలెడంత సబ్బు మింగి చెంపకు చుక్క కూడా ఇవ్వని బ్రష్షులు ఉన్నాయి, అవి ఖరీదైన వాటిలోనే ఎక్కువ. దట్టమైన కుచ్చు చూసి మురిసిపోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక వెంట్రుకలు ఎవరివి? మన సెలూన్లలో తరాలుగా తిరిగేది పంది వెంట్రుక. పంది మెడ మీద, వెన్ను మీద నిక్కపొడుచుకునే గట్టి వెంట్రుకలు ఇందుకు పనికొస్తాయి. ఒకప్పుడు కాన్పూరు ఈ సరుకు ఎగుమతికి పేరుపడ్డ ఊరు. ఇవాళ ప్రపంచానికి చైనానే ఎక్కువ అందిస్తోంది. ఇటలీలో 1931 నుంచి ఉన్న ఒమేగా, పోర్చుగల్‌లో 1927 నుంచి ఉన్న సెమోగ్ పంది వెంట్రుకల బ్రష్షులతోనే పేరు తెచ్చుకున్నాయి. అక్కడి క్షురకశాలల్లోనూ ఇదే పనిముట్టు. చవక కాబట్టి వాడుతున్నారని అనుకుంటే పొరపాటు.

ఈ వెంట్రుక నిర్మాణం చూడండి. మొదలు లావు, కొసకు పోయేకొద్దీ సన్నం. కొసన అది రెండుగా, మూడుగా చీలి ఉంటుంది. కొత్త బ్రష్షులో ఈ చీలిక కొంచెమే. వాడేకొద్దీ, నానుతూ ఆరుతూ ఉన్నకొద్దీ చీలిక లోపలికి పోతుంది. ఒక కొస మూడు కొసలవుతుంది. అంటే అరిగేకొద్దీ మెరుగయ్యే పనిముట్టు ఇది. కొన్న రోజున గరగరలాడిన కుచ్చు నెల తిరిగేసరికి కొసల్లో వెల్వెట్టు తీరుకు వస్తుంది, నడుములో మాత్రం మొదటి రోజు బిగువు అలాగే ఉంటుంది. దీనికి ఇంకో గుణం, ఈ వెంట్రుక నీళ్ళను తన ఒంట్లోకే పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు బిరుసు, నానాక మెత్తన. అందుకే వాడబోయే ముందు నాలుగైదు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో ఉంచాలి. స్నానానికి నీళ్ళు పట్టేటప్పుడు మగ్గులో పడేస్తే సరిపోతుంది. నానకముందే చెంపకు పెట్టి "చీపురులా ఉంది" అని తిట్టుకునేవాళ్ళు బ్రష్షును కాదు, తమ తొందరను తిట్టుకోవాలి. మొదటి వారంలో కాస్త జంతువు వాసన కూడా వస్తుంది. షాంపూతో రెండు మూడుసార్లు కడిగి, సబ్బు నురగ పట్టించి ఒక రాత్రి అలాగే వదిలేస్తే తగ్గుతుంది.

బ్యాడ్జర్ వెంట్రుకది వేరే పద్ధతి. ఇది నడుము దగ్గర లావుగా, రెండువైపులా సన్నగా ఉంటుంది. తెల్లటి కొస, నల్లటి పట్టీ, మళ్ళీ తెలుపు, ఆ పట్టీని చూసే గుర్తుపడతారు. నీటిని ఎక్కువగా వెంట్రుకల మధ్య పట్టుకుంటుంది. నానబెట్టే పని లేదు, వెచ్చదనాన్ని బాగా నిలుపుతుంది. 1777 నాటి కెంట్, 1919లో మొదలైన సింప్సన్ లాంటి ఇంగ్లీషు కంపెనీల షేవింగ్ బ్రష్షుల ప్రతిష్ఠ ఎక్కువగా దీనిమీదే. చలిదేశంలో వెచ్చని నురగ ఒక భోగం. నరసరావుపేటలో ఏప్రిల్ నెల పొద్దున ఎనిమిది గంటలకు ఆ భోగం ఎవరికి కావాలి? మన కొట్లలో తక్కువ ధరకు దొరికే నల్లపట్టీ బ్రష్షులు చాలావరకు బ్యాడ్జర్ కావు. పంది వెంట్రుకకు రంగు పట్టీ వేసినవి. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఒక్కోసారి రంగే చెప్పేస్తుంది. అందులో మోసం ఉంది గాని ప్రమాదం లేదు.

గుర్రం వెంట్రుక బ్రష్షులు మనవైపు అరుదు. జూలు నుంచీ తోక నుంచీ తీస్తారు, జంతువుకు హాని లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల షేవింగ్ బ్రష్షుల వల్ల ఇంగ్లీషు, అమెరికన్ సైనికులకు ఆంత్రాక్స్ సోకింది. వెంట్రుకల శుద్ధి మీద కట్టుదిట్టాలు బిగిసింది ఆ దెబ్బతోనే. అందుకని తెలియని చోట, ముఖ్యంగా పాతసామాన్ల అంగట్లో, వెంట్రుకల బ్రష్షు కొనకపోవటం మంచిది. ముంగిస వెంట్రుక అని ఎవరైనా గొప్పగా చెబితే అసలే వద్దు. ముంగిస వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్న జంతువు, దాని వెంట్రుకల వ్యాపారం నేరం.

నాలుగోది మనిషి చేసిన పోగు. ఒకప్పటి నైలాను బ్రష్షులంటే నాకు ఇప్పటికీ చిరాకు. నున్నటి తీగముక్కల్లాంటి పోగులు, మొండి కొసలు, నీళ్ళు పట్టవు, పట్టినా అన్నీ ఒక్కసారే మోచేతిదాకా కారతాయి. ఈ ఇరవై ఏళ్ళలో వచ్చినవి మాత్రం వేరే జాతి. పీబీటీ అనే పాలిస్టరు పోగును తీసుకుని, కొసలను క్షార ద్రావణంలో ముంచి కొంచెం కొంచెంగా కరగనిస్తారు. ఎక్కువసేపు మునిగిన భాగం ఎక్కువ కరుగుతుంది కాబట్టి కొస సూదిగా తేలుతుంది. పందికి పుట్టుకతో వచ్చిన వాలును మనవాళ్ళు సోడాతో సాధించారన్నమాట. ఈ పోగు నీళ్ళను ఒంట్లోకి పీల్చదు. నానబెట్టక్కర్లేదు, వాసన రాదు, విదిలిస్తే పూటలో ఆరుతుంది. పంది వెంట్రుక ముట్టని ముస్లిముల ఇళ్ళలో, జంతువుల సరుకు వద్దనుకునే శాకాహారుల ఇళ్ళలో దీనికి పోటీ లేదు. గుంటూరు లాంటి ఊళ్ళో ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. పల్నాడు నేల కింద సున్నపురాయి. మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు ఆ రాతి మీదే బతుకుతున్నాయి. ఆ రాయిలో ఊరిన బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లేక పొటాషియం లవణం. కఠిన జలంలో కాల్షియం ఆ కొవ్వు ఆమ్లాన్ని లాగేసుకుని నీటిలో కరగని తెట్టుగా మారుస్తుంది. నురగ రావాల్సిన సబ్బు బూడిదరంగు తెట్టై గిన్నె అంచుకు, కుచ్చు మొదళ్ళకు పట్టుకుంటుంది. ముందు వేసిన సబ్బంతా కాల్షియానికి కప్పం కట్టాకే నురగ మొదలవుతుంది. కనిగిరి, పొదిలి వైపు నీళ్ళంటే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. ఎముకలను వంచిన పాపం దానిదే గాని, నురగకు అడ్డం పడేది అది కాదు. సబ్బుకు శత్రువులు కాల్షియం, మెగ్నీషియమే.

1967లో నాగార్జునసాగర్ కుడి కాలువలోకి నీళ్ళు వదిలాక గుంటూరు, ప్రకాశం మెట్టల్లో పత్తి, మిరప రాత మారింది. ఊరి చెరువులు కాలువ నీళ్ళతో నిండాయి. ఒంగోలు తాగేదీ చెరువుల్లో నిలవ చేసిన ఆ నీళ్ళే. కృష్ణ నీళ్ళు సున్నపురాతి బోరు నీళ్ళంత కఠినం కావు. తెనాలి, బాపట్ల వైపు కృష్ణ కాలువ నీళ్ళకు అలవాటుపడ్డ చెయ్యి మాచర్ల బోరు నీళ్ళతో నురగ తీయబోతే తన చేతివాటం పోయిందేమోనని అనుమానపడుతుంది. పోయింది చేతివాటం కాదు. అదే క్రీము, అదే బ్రష్షు, నీరు వేరు.

కఠిన జలానికి మందు రెండు విధాలు. ఒకటి, సబ్బు ఎక్కువ ఎత్తటం. ఇక్కడే పంది వెంట్రుక బిగువు అక్కరకొస్తుంది. గట్టి సబ్బు బిళ్ళ మీద కుచ్చును అదిమి తిప్పితే అది ఒంగిపోకుండా సబ్బును గీరి ఎత్తుతుంది. మెత్తటి బ్యాడ్జర్ అదే బిళ్ళ మీద నిమిరి వదిలేస్తుంది. క్రీము వాడేవాళ్ళకు ఈ తేడా అంతగా తెలియదు, క్రీము ముందే మెత్తన కాబట్టి. రెండోది, నీళ్ళు మార్చటం. నురగకు పట్టే నీళ్ళు నిజానికి చాలా తక్కువ, కుచ్చు పట్టినన్ని, పైన మరికొన్ని చెంచాలు. ముఖం బోరు నీళ్ళతో కడుక్కున్నా, నురగకు మాత్రం తాగే టిన్ను నీళ్ళు ఒక టీ గ్లాసుడు వాడితే చాలు. ఖరీదైన విదేశీ బ్రష్షు చేయలేని మేలు ఆ గ్లాసు నీళ్ళు చేస్తాయి. బ్రష్షుల మీద వేలకు వేలు పోసే ఔత్సాహికులకు ఈ మాట రుచించదు.

సెలూన్ బ్రష్షుకూ ఇంటి బ్రష్షుకూ కొలతలు వేరు. క్షురకుడు ఎదుటి మనిషి ముఖం మీద పనిచేస్తాడు. తన వేళ్ళు చెంపకు తగలకుండా, మణికట్టు తేలిగ్గా తిరిగేలా పొడుగు కుచ్చు, పొడుగు పిడి కావాలి. ఒమేగా వాళ్ళ సెలూన్ బ్రష్షుల కుచ్చు ఎత్తు 65 మిల్లీమీటర్ల దాకా ఉండటానికి కారణం ఇదే. మనవైపు పెళ్ళి ముహూర్తాల్లో సన్నాయి, డోలు పట్టేది క్షురక వృత్తిలో ఉన్న నాయీ బ్రాహ్మణుల చేతులే. మణికట్టు సాధకం వాళ్ళకు కొత్తగా నేర్పాల్సింది కాదు. క్షురకుడు బ్రష్షును మెడ దగ్గర మూడు వేళ్ళతో పట్టుకుంటాడు. ముందు చుట్లు తిప్పుతూ వెంట్రుకలు లేపుతాడు. గడ్డం కింద, పెదవి కింద వెంట్రుక దట్టం కాబట్టి అక్కడ ఇంకొంచెంసేపు. తర్వాత చుట్లు ఆపి, గోడకు సున్నం వేసే తీరున పైకీ కిందికీ నాలుగు పూతలతో నురగను సమం చేస్తాడు. చివరికి మీసం. మీసం మీద ఒక్క చుక్క పడకుండా దాని అంచు వెంట నురగ గీత గీయటానికి కుచ్చు కొసను పక్కకు వాల్చి వాడతాడు. మొగ్గ ఆకారపు కుచ్చు విలువ ఇక్కడే. విసనకర్ర కుచ్చు చెంప మీద వెడల్పుగా పరుచుకుంటుంది గాని ఈ గీత దగ్గర తడబడుతుంది. మీసానికి మన దగ్గర ఉన్న మర్యాద తెలిసిందే కాబట్టి నా ఓటు మొగ్గకే.

ఎయిడ్స్ ప్రచారం ఊరూరా సాగిన రోజుల నుంచీ మన సెలూన్లలో ఒక సంభాషణ స్థిరపడింది. "అన్నా, కొత్త బ్లేడేగా?" "మీ ముందేగా విరుస్తున్నా సార్." కాగితం విప్పకుండానే బ్లేడును మధ్యకు విరిచి, సగం కత్తిలో పెడతాడు. మంచి అలవాటు. బ్రష్షు కడిగావా అని మాత్రం ఎవరూ అడగరు. ఒకే కుచ్చు పదిమంది గడ్డాల మీద తిరిగితే తామర, వెంట్రుక కుదుళ్ళలో చీము పొక్కులు అంటుకునే అవకాశం ఉంది. ప్రతి మనిషి తర్వాత సబ్బునీళ్ళతో కడిగి, యాంటీసెప్టిక్ ద్రావణంలో ముంచి తీయాలి. ఆ లెక్కన సెలూనుకు పీబీటీ బ్రష్షు మేలు, అన్నిసార్లు తడిసినా త్వరగా ఆరుతుంది. ఇంకా మేలు, మీ బ్రష్షు మీరు తీసుకెళ్ళటం. అతను ఏమీ అనుకోడు.

కొట్లో ఎంచేటప్పుడు తొందరపడొద్దు. మొదట కుచ్చును మధ్యకు విప్పి లోపలికి చూడండి. వెంట్రుకలు అంచుల్లోనే ఉండి నడిమధ్య డొల్లగా కనిపిస్తే పక్కన పెట్టండి, అది నీళ్ళు నిలపలేదు. తర్వాత రెండు వేళ్ళతో ఒక చిన్న పాయ పట్టుకుని, పత్తి కొనేవాడు పింజ లాగి చూసినట్టు, మెల్లగా లాగండి. కొత్త బ్రష్షులో ఒకటి రెండు వెంట్రుకలు రావటం మామూలే. పాయ పాయే చేతికొస్తే జిగురు దిమ్మ సరిగా పట్టలేదని అర్థం. అరచేతిలో నిలువుగా అదిమి, వదలండి. కుచ్చు విచ్చుకుని మళ్ళీ దగ్గరకు రావాలి. విచ్చుకుని అలాగే ఉండిపోతే నడుములో బిగువు లేదు. అసలు విచ్చుకోకుండా మొండికేస్తే ఎత్తు తక్కువైంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో మీ చర్మం చెబుతుంది, సలహాలు కాదు.

పిడి విషయంలో అందానికి లొంగిపోయేవాళ్ళు ఎక్కువ. ఏటికొప్పాక లక్కపిడిని ఊహించుకుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అంకుడు కర్ర తేలిక, రంగులు కళ్ళకు పండగ. కానీ లక్క వేడికి మెత్తబడుతుంది, సబ్బులోని క్షారానికి కరుగుతుంది. రోజూ తడిసే పిడికి అది తగదు. పూత సరిగా లేని ఏ కర్రైనా తడిసి ఆరి, తడిసి ఆరి నోటి దగ్గర పగులుతుంది, జిగురు వదులుతుంది. రెజిను, గట్టి ప్లాస్టిక్ పిడి చూపుకు ఆనకపోయినా ఏళ్ళు నిలుస్తుంది. పిడికి నడుములో ఒక నొక్కు ఉండాలి, సబ్బుచేతిలో జారకుండా. అడుగు బరువుగా ఉండాలి, నిలబెట్టినప్పుడు పడకుండా. ఈ రెండూ ఉంటే చాలు.

కాపాడుకోవటం పెద్ద పని కాదు. పని అయ్యాక కుచ్చు మొదళ్ళదాకా నీళ్ళు పోయేలా కడిగి, పిండి, నాలుగుసార్లు విదిలించి గాలి తగిలేచోట పెట్టాలి. నిలబెట్టాలా వేలాడదీయాలా అన్నదాని మీద వాదులాట అనవసరం. మూతపెట్టిన డబ్బాలో మాత్రం పెట్టకూడదు. మన ఎండాకాలం దాన్ని గంటల్లో ఆరబెడుతుంది. వానాకాలంలో, ముసురు పట్టిన రోజుల్లో పంది వెంట్రుక కుచ్చు లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. వాన రోజుల్లో రెండు బ్రష్షులు మార్చి మార్చి వాడేవాళ్ళు తెలివైనవాళ్ళు. బోరు నీళ్ళ ఊళ్ళలో నెలకోసారి నీళ్ళలో కొంచెం వెనిగర్ కలిపి కుచ్చును కాసేపు ముంచి కడిగితే మొదళ్ళలో పేరుకున్న తెట్టు వదులుతుంది. వెంట్రుకల బ్రష్షును మరిగే నీళ్ళలో ఎప్పుడూ వేయొద్దు. వెంట్రుక పెళుసవుతుంది, జిగురు సడలుతుంది.

మిరప కోతల్లో, యార్డు పనుల్లో ఉన్నవాళ్ళకు ఒక జాగ్రత్త. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల గాలిలోనే ఘాటు ఉంటుంది. ఆ ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ ఉత్త నీళ్ళకు కరగదు, వదలదు. ముఖం నీళ్ళతో తడిపి నేరుగా బ్రష్షు పెడితే కొసలు ఆ దుమ్మును చర్మంలోకి రుద్దుతాయి, బ్లేడు పడ్డాక మంట రెట్టింపవుతుంది. ముందు చేతులకు, ముఖానికి సబ్బు పెట్టి రెండుసార్లు కడిగి, అప్పుడు బ్రష్షు ఎత్తాలి.

ఇక నా తీర్పు. పల్నాడులో, ప్రకాశం మెట్టలో బోరు నీళ్ళతో, సబ్బు బిళ్ళతో ఇంట్లో గీసుకునేవాడికి 24 మిల్లీమీటర్ల వ్యాసం, 55 మిల్లీమీటర్ల ఎత్తు, మొగ్గ తల ఉన్న పంది వెంట్రుకల బ్రష్షును మించింది లేదు. జంతువు వెంట్రుక వద్దనుకుంటే అదే కొలతల్లో పీబీటీ. క్రీము వాడేవాడికి, తరచు ప్రయాణాలు చేసేవాడికి కూడా పీబీటీనే. బ్యాడ్జర్ బాగుండదని కాదు, మన ఎండకు దాని ప్రత్యేకత అక్కరకు రాదు. పంది వెంట్రుకలది కొంటే మొదటి వారం దాన్ని చెంపకు పెట్టొద్దు. రోజూ నానబెట్టి, అరచేతిలో నురగ తీసి, కడిగి ఆరబెట్టండి. నచ్చిందో లేదో నెల తర్వాత చెప్పండి.